ఎండీ బాబాయే, స్థలం కొన్నది ఆయన అల్లుడే: డైరెక్టరు బాధ్యత ఎంతవరకు? ట్రిబ్యునల్‌లో దొంగ మినిట్స్ వేస్తే ఏం చేయాలి?

కొరిటెపాడు_శ్రీను
మాది గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నాన్న, బాబాయి, వాళ్ల స్నేహితుడొకాయన కలిసి పెట్టారు. నాన్న పోయాక ఆయన 22 శాతం షేర్లు నా పేరున మారాయి, నన్ను డైరెక్టరుగా కూడా తీసుకున్నారు. నాది పుణెలో ఉద్యోగం. రోజువారీ వ్యవహారమంతా ఎండీగా బాబాయి చేతిలోనే ఉంది.

ఈమధ్య రెండు సంగతులు బయటపడ్డాయి. బాబాయి అల్లుడు ఒక ట్రేడింగ్ కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ సరుకుకు వేస్తున్న టిక్కీ (మిర్చి బస్తా) అద్దె మిగతా రైతులు, వ్యాపారులు కట్టేదాంట్లో సగం కూడా లేదు. అంతకంటే పెద్దది స్థలం సంగతి. ఇంకో ఛాంబర్ కట్టడానికని నాన్న ఉన్నప్పుడు స్టోరేజీని ఆనుకుని కొన్న స్థలం అది. ఈసీ (స్థలం ఎవరి పేరున మారిందో చూపే సర్టిఫికెట్) తీయిస్తే అదే ట్రేడింగ్ కంపెనీకి రిజిస్టర్ అయిపోయి ఉంది. అదీ ప్రభుత్వ విలువకే. బయట ధర ఎంతో ఆ రోడ్డున పోయే ఎవరినడిగినా చెబుతారు.

అడిగితే "నీకేం తెలుసురా, నువ్వు పుణెలో కూర్చుని" అన్నారు. చివరికి కంపెనీల గొడవలు వినే ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో పిటిషన్ వేశాం. వాళ్ల కౌంటర్ (మా పిటిషన్‌కు జవాబు)తో పాటు ఒక బోర్డు మీటింగ్ మినిట్స్ (మీటింగ్‌లో ఏం తీర్మానించారో రాసే రికార్డు) జత చేశారు. ఆ మీటింగ్‌కు నేను వచ్చినట్టు, స్థలం అమ్మకానికి ఒప్పుకున్నట్టు ఉంది అందులో. ఆ తేదీన నేను గుంటూరులోనే లేను.

అడగాలనుకున్నవి ఇవి. బాబాయి చేసింది చట్టం దృష్టిలో తప్పేనా, లేక "ఎండీ ఇష్టం" కింద పోతుందా? నేనూ డైరెక్టర్నే కాబట్టి రేపు నా మెడకూ చుట్టుకుంటుందా? కోర్టులో వేసిన కాగితమే అబద్ధమైతే ఏం చేయాలి?

నాంపల్లి_వకీలు
మొదటిదానికి జవాబు సూటిగా ఉంది. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 166 చదవండి, అర పేజీ కూడా ఉండదు. డైరెక్టరు మంచి ఉద్దేశంతో కంపెనీ మేలు కోసం పనిచేయాలి. తగిన జాగ్రత్త, స్వతంత్ర ఆలోచన చూపాలి. తన ప్రయోజనానికీ కంపెనీ ప్రయోజనానికీ గొడవ వచ్చే పరిస్థితిలోకి పోకూడదు. తనకు గానీ, బంధువులకు గానీ, భాగస్వాములకు గానీ అనుచితమైన లాభం చేకూర్చకూడదు. చేకూరిస్తే అంత సొమ్మూ కంపెనీకి తిరిగి కట్టాలి. పైన లక్ష నుంచి 5 లక్షల వరకు జరిమానా.

"బంధువులకు" అని చట్టంలోనే ఉంది కాబట్టి, స్థలం నా పేరున లేదు, అల్లుడి కంపెనీ పేరున ఉంది అన్న వాదన నిలబడదు.

పెద్దాయన_తెనాలి
కంచే చేను మేసిందన్నమాట. అయినా శ్రీనూ, ఒక మాట అడుగుతాను. సీజన్‌లో రాత్రుళ్లు అమ్మోనియా వాసనలో కాపలా కాసింది ఎవరు? బ్యాంకు అప్పుకు తన ఇల్లు తాకట్టు పెట్టింది ఎవరు? మీ బాబాయే అయ్యుంటాడు. నలుగురు పెద్దమనుషులను కూర్చోబెడితే తేలే విషయానికి ట్రిబ్యునల్ దాకా పోవాలా?

కొరిటెపాడు_శ్రీను
కూర్చోబెట్టాం పెద్దాయన గారూ. మా మేనమామ మధ్యవర్తిగా వచ్చారు. స్థలం వెనక్కి రాయించమన్నాం, కుదరకపోతే బయట ధరకూ ప్రభుత్వ విలువకూ ఉన్న తేడా కంపెనీ ఖాతాలో వేయించమన్నాం. నాకు ఒక్క రూపాయి ఇవ్వమనలేదు. "కంపెనీ నాది, నా ఇష్టం" అని లేచి వెళ్లిపోయారు. ఆయన కష్టపడలేదని నేను ఎక్కడా అనలేదు, అనను.

గచ్చిబౌలి_గీత
"కంపెనీ నాది" అన్న మాటతోనే వస్తుంది చిక్కంతా. కంపెనీ ఎండీది కాదు, షేర్‌హోల్డర్లది కూడా కాదు. చట్టం లెక్కలో దానికదే ఒక మనిషి. ఆస్తి ఆ మనిషిది, చూసుకోమని డైరెక్టర్ల చేతిలో పెట్టారు. నలభై శాతం వాటా ఉన్నా, తొంభై శాతం ఉన్నా ఆ ఆస్తిని ఇంటివాళ్లకు రాసిచ్చే హక్కు రాదు.

సీఏ_రాజమండ్రి
సెక్షన్ 166 సరే గానీ, ఇక్కడ అసలు పట్టు సెక్షన్ 188లో ఉంది. బంధుపక్షంతో లావాదేవీలు దాని కిందకే వస్తాయి. బంధువు ఎవరో చట్టం, రూల్స్ కలిపి లెక్కగా చెప్పాయి. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, కూతురి భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి కుటుంబ సభ్యులు. కూతురి భర్త ఉన్నాడు చూశారా? ఎండీ అల్లుడు సభ్యుడో డైరెక్టరో అయిన ప్రైవేటు కంపెనీ అంటే మీ కంపెనీకి రిలేటెడ్ పార్టీయే. తమాషా ఏమిటంటే అన్న కొడుకు ఆ జాబితాలో లేడు, అంటే శ్రీను గారు వాళ్ల బాబాయికి చట్టప్రకారం బంధువు కారు!

మామూలు వ్యాపారంలో భాగంగా, బయటివాళ్లతో చేసినట్టే న్యాయమైన ధరకు చేస్తే 188 వర్తించదు. టిక్కీ అద్దె మామూలు వ్యాపారమే అని వాళ్లు వాదించొచ్చు. సగం రేటు న్యాయమైన ధర అని మాత్రం వాదించలేరు. స్థలం అమ్మకం కోల్డ్ స్టోరేజీకి మామూలు వ్యాపారం ఎలాగూ కాదు. కాబట్టి బోర్డు మీటింగ్‌లో తీర్మానం తప్పనిసరి. స్థలం విలువ కంపెనీ నికర విలువలో 10 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే షేర్‌హోల్డర్ల తీర్మానం కూడా కావాలి. ఆ మినిట్స్ ఎందుకు పుట్టాయో ఇప్పుడు అర్థమైందా?

అమీర్‌పేట_కిరణ్
ఈ టాపిక్ చదువుతుంటే హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ గుర్తొచ్చింది. నేను అప్పట్లో అక్కడే చేసేవాణ్ణి. 2009 జనవరి 7 పొద్దున ఎవరి సీట్లో వాళ్లం ఉన్నాం, ఒక్కసారిగా ఫ్లోరంతా ఫోన్లు మోగడం మొదలైంది. ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం టీవీలో స్క్రోల్ అవుతోంది. లెక్కల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఆయనే రాశారు. సెప్టెంబరు క్వార్టర్ ఆదాయం 2,700 కోట్లని చూపితే అసలుది 2,112 కోట్లే. నిర్వహణ లాభం 649 కోట్లు అన్నది నిజానికి 61 కోట్లు. పులి మీద స్వారీలా అయింది, దిగితే తినేస్తుందేమోనని భయపడ్డాను అన్న మాట కూడా ఆ ఉత్తరంలోదే.

ఆ సాయంత్రం మా టీమ్‌లో ఒకమ్మాయి హోమ్ లోన్ పాస్‌బుక్ చేతిలో పట్టుకుని కదలకుండా కూర్చుంది. జీతం మీద ఈఎంఐ, జీతం ఇచ్చే కంపెనీయేమో ఖాళీ. షేరు ఒక్క రోజులో నాలుగింట మూడొంతులకు పైగా పడింది. డైరెక్టరు విశ్వాసం అనే మాట పుస్తకాల్లో మాట కాదని నాకు ఆ రోజు తెలిసింది.

సీఏ_రాజమండ్రి
కిరణ్ గారూ, ఇక్కడి విషయానికి దగ్గరైంది ఆ ఉత్తరం కాదు, దానికి మూడు వారాల ముందు జరిగిన బోర్డు మీటింగ్. 2008 డిసెంబరు 16న. ప్రమోటర్ (కంపెనీ పెట్టి నడిపే) రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను మొత్తంగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను, రెండూ కలిపి 160 కోట్ల డాలర్లకు సత్యం కొనాలని తీర్మానం. ఐటీ కంపెనీకి రియల్ ఎస్టేట్ ఎందుకు? లేని డబ్బు స్థానంలో స్థలాలు పెట్టి లెక్క సరిచేయడానికే అని తర్వాత ఉత్తరంలో తేలింది. ఇన్వెస్టర్లు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. సైజు వేరు గానీ రకం ఒకటే. కంపెనీకీ ఎండీ ఇంటికీ మధ్య లావాదేవీ.

లా_స్టూడెంట్_వైజాగ్
ఆ బోర్డులో మహామహులు ఉన్నారు కదా? స్వతంత్ర డైరెక్టర్లు (ప్రమోటర్లతో సంబంధం లేని బయటివాళ్లు) ఏం చేశారు?

సీఏ_రాజమండ్రి
హార్వర్డ్ ప్రొఫెసర్, మాజీ కేబినెట్ కార్యదర్శి, ఐఎస్‌బీ డీన్, ఐఐటీ ఢిల్లీ మాజీ డైరెక్టరు, పెంటియం చిప్‌తో పేరొచ్చిన ఇంజినీరు. ఉండాల్సినవాళ్లంతా ఉన్నారు. ప్రశ్నలు అడిగారు, చివరికి తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా పాసైంది. అదే ఏడాది ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది.

అమీర్‌పేట_కిరణ్
వాళ్లను అంత మాట అనడం నాకు సరిగా అనిపించదు. బ్యాంకు ఎఫ్‌డీ రసీదులే దొంగవి. దర్యాప్తులో ఏడున్నర వేల దొంగ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి, కంపెనీలో మాకే కనబడకుండా సిస్టమ్‌లో దాచారు. మూడు నెలలకోసారి వచ్చి కూర్చునే ప్రొఫెసర్‌కు ఎలా తెలుస్తుంది?

నాంపల్లి_వకీలు
దొంగ ఇన్‌వాయిస్‌లు వాళ్లు కనిపెట్టలేకపోయారంటే ఒప్పుకుంటాను. మేటాస్ విషయంలో దాచిందేమీ లేదు. కొనేది ఎవరి కంపెనీనో బోర్డులో అందరికీ తెలుసు. "ఈ కొనుగోలు ఛైర్మన్ ఇంటి కోసమా, వాటాదార్ల కోసమా" అని అడ్డం తిరగాల్సిన చోట చేయి ఎత్తేశారు. నా అభ్యంతరం అక్కడే.

2013 చట్టంలో సెక్షన్ 149(12) వచ్చింది. స్వతంత్ర డైరెక్టరుకు గానీ, ప్రమోటరు కాని నాన్ ఎగ్జిక్యూటివ్ (రోజువారీ వ్యవహారం చూడని) డైరెక్టరుకు గానీ బోర్డు వ్యవహారాల ద్వారా తెలిసి, సమ్మతితోనో కుమ్మక్కుతోనో జరిగితే, లేదా శ్రద్ధ చూపకపోతేనే బాధ్యత. శ్రీను గారి రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. తెలియనంతవరకు ఒక లెక్క, తెలిశాక నోరు మూసుకుంటే ఇంకో లెక్క. మీరిప్పుడు తెలిసినవారు. అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టండి. ఫోన్‌లో అరిస్తే లెక్కలోకి రాదు.

విశాఖ_లక్ష్మి
తెలియకపోయినా తిప్పలు తప్పవండీ. మావారు కంపెనీ పెట్టినప్పుడు ఇద్దరు డైరెక్టర్లు కావాలని నా చేత సంతకం పెట్టించారు. ఆ కంపెనీ నడవలేదు, రిటర్న్‌లు వేయలేదు. 2017లో ప్రభుత్వం మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లను అనర్హులను చేసినప్పుడు నా పేరూ ఉంది అందులో. వరుసగా మూడేళ్లు లెక్కలు దాఖలు చేయని కంపెనీలో డైరెక్టరుగా ఉంటే ఐదేళ్ల అనర్హత అట. అప్పటికి మా చెల్లితో కలిసి పచ్చళ్ల యూనిట్ పెట్టుకుంటున్నాను, ఆ కంపెనీలో నేను డైరెక్టరుగా ఉండటానికి వీల్లేకపోయింది. "ఊరికే ఒక సంతకం" అని ఎవరైనా అంటే ఆడవాళ్లు ఒకటికి రెండుసార్లు అడగండి. ఇంట్లోవాళ్లు అడిగినా సరే.

గచ్చిబౌలి_గీత
లక్ష్మి గారి పోస్టు పిన్ చేయాలి అడ్మిన్ గారూ.

గోదావరి_గట్టు
అందరూ సత్యం దగ్గరే ఆగారు. మన ప్రాంతం నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన పాత కేసు ఒకటుంది, కంపెనీ లా చదివినవాళ్లకు కంఠస్థం. రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ కేసు. 1955 చివర్లో తీర్పు. ఊరికి కరెంటు ఇచ్చే కంపెనీ. వైస్ ఛైర్మన్ కంపెనీ సొమ్మును సొంతానికి వాడుకున్నాడని, యంత్రాలు పాడుపడ్డాయని, ప్రభుత్వానికి కరెంటు బాకీ పేరుకుపోయిందని ఆరోపణ. బోర్డులో మనుషులే కరువయ్యారు, బలమైన స్థానిక ముఠా ఒకటి పెత్తనం చేస్తోంది, బయటున్న షేర్‌హోల్డర్లు ఏమీ చేయలేని స్థితిలో ఉన్నారు అని కోర్టు గుర్తించింది. కంపెనీని మూసేయకుండా ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లను పెట్టి డైరెక్టర్ల అధికారాలన్నీ వాళ్లకిచ్చారు.

అందులో ఇంకో సంగతి శ్రీను గారికి పనికొస్తుంది. పిటిషన్‌కు మద్దతుగా సంతకం చేసిన కొందరు తర్వాత వెనక్కి తగ్గారు. అయినా పర్లేదు, వేసిన రోజున కావలసిన మద్దతు ఉందా లేదా అన్నదే చూడాలి అని కోర్టు చెప్పింది. బంధువుల కంపెనీల్లో ఈ వెనక్కి తగ్గడం మామూలే కదా, పెళ్లిళ్లు పేరంటాల్లో కలవాలి మరి.

కొరిటెపాడు_శ్రీను
నాకు 22 శాతం ఉంది కాబట్టి వేరేవాళ్ల సంతకం అక్కర్లేకుండానే వేశాం. పది శాతం ఉంటే చాలన్నారు మా లాయరు.

నాంపల్లి_వకీలు
అవును, సెక్షన్ 244. ఆ 22ను జాగ్రత్తగా కాపాడుకోండి. కంపెనీకి డబ్బు కావాలని కొత్త షేర్లు జారీ చేసి మీ వాటాను తొక్కేయడం ఇలాంటి గొడవల్లో తరచూ జరిగేదే. రైట్స్ ఇష్యూ (ఉన్న షేర్‌హోల్డర్లకు వాటా ప్రకారం కొత్త షేర్లు ఇవ్వజూపడం) నోటీసు వస్తే చెత్తబుట్టలో వేయకండి.

దీనిమీద 2004లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, డేల్ అండ్ కారింగ్టన్ కేసు. ఎక్కువ డబ్బు పెట్టింది విదేశంలో ఉన్న ఒకాయన, ఎండీ ఇక్కడుండి కొత్త షేర్లు తనకు తనే కేటాయించుకుని మెజారిటీ అయిపోయాడు. డైరెక్టరుది విశ్వాసంతో కూడిన స్థానం, షేర్లు జారీ చేసే అధికారం కంపెనీ అవసరానికే తప్ప పట్టు పెంచుకోవడానికి కాదు అని కోర్టు ఆ కేటాయింపును కొట్టేసింది. దూరాన ఉండి ఇంటివాళ్ల మీద భరోసాతో డబ్బు పెట్టే ఎన్నారైలు చదవాల్సిన తీర్పు.

డల్లాస్_రమేశ్
చదివాను, బాగా చదివాను 🙂 మా ఊళ్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీకి అనుబంధంగా పెట్టిన కంపెనీలో డబ్బు పెట్టి ఇప్పటికీ లెక్కలు అడుగుతూనే ఉన్నాను.

ఇక్కడ అమెరికాలో డెలావేర్ రాష్ట్రం కోర్టుల్లో విధేయత, జాగ్రత్త అని రెండు బాధ్యతలు చెబుతారు. స్వార్థం లేకపోయినా తొందరపడి సంతకం పెట్టినందుకు డైరెక్టర్లు దొరికిన కేసు ట్రాన్స్ యూనియన్‌ది. ఛైర్మన్ ఇరవై నిమిషాలు నోటిమాటగా చెప్పాడు, రెండు గంటల మీటింగ్‌లో షేరు 55 డాలర్లకు కంపెనీని అమ్మేయడానికి ఒప్పుకున్నారు, ఒప్పందం కాగితం కూడా చదవలేదు. మార్కెట్ ధర కంటే ఎక్కువే వచ్చింది. అయినా 1985లో కోర్టు వాళ్లది తప్పేనంది. డబ్బు తినకపోతే చాలు అనుకునేవాళ్లకు ఇది చెప్పండి.

సత్యం విషయంలో ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ మంట. అమెరికాలో ఏడీఆర్‌లు (అక్కడి మార్కెట్లో అమ్మే మన కంపెనీ షేర్ల రసీదులు) కొన్నవాళ్లు కలిసి దావా వేస్తే 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఆడిటింగ్ సంస్థ ఇంకో 2.55 కోట్లు ఇచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్లు కొన్న మా మావయ్యకు పైసా రాలేదు.

లా_స్టూడెంట్_వైజాగ్
సెక్షన్ 245 ఉంది కదండీ, క్లాస్ యాక్షన్ (నష్టపోయినవాళ్లంతా కలిసి వేసే దావా)?

నాంపల్లి_వకీలు
ఇప్పుడు ఉంది. 2009లో లేదు. సత్యం దెబ్బకే ఆ సెక్షన్ అవసరం అందరికీ తెలిసొచ్చింది. శిక్షల సంగతి కూడా చెబుతాను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందికి ఏడేళ్ల జైలు వేసింది, రామలింగరాజుకూ, ఆయన తమ్ముడు రామరాజుకూ చెరి 5 కోట్ల జరిమానా. ఆ తర్వాతి నెలలోనే సెషన్స్ కోర్టు అప్పీలు తేలేవరకు శిక్ష నిలిపేసి బెయిలిచ్చింది. అంతకుముందు 2014లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 14 ఏళ్ల నిషేధం పెట్టి 1,849 కోట్లు వడ్డీతో సహా కట్టమంది. ఆ లెక్క మీద అప్పీళ్లు ఏళ్ల తరబడి సాగాయి.

పెద్దాయన_తెనాలి
అదే నేననేది. అంత పెద్ద కేసుకే అన్నేళ్లు పడితే గుంటూరు కోల్డ్ స్టోరేజీకి ఎన్నేళ్లు పడుతుంది? ఈలోపు బ్యాంకువాళ్లు లిమిట్ ఆపుతారు, రైతులు సరుకు పక్క స్టోరేజీకి తోలుతారు. చివరికి గెలిచి దక్కించుకునేది ఖాళీ ఛాంబర్లు.

గచ్చిబౌలి_గీత
పెద్దాయన గారి భయం నిజమే, కానీ దానికి బాధ్యుడు అడిగినవాడు కాదు. ఆ రైతుల సంగతే తీసుకోండి. సగం అద్దె కట్టే సంస్థ సరుకు ముందు వరసలో పేరిస్తే పూర్తి అద్దె కట్టే రైతు తేజ రకం మిర్చి టిక్కీలు ఎక్కడ పెట్టుకోవాలి? 166లో ఉద్యోగులు, సమాజం మేలు కూడా చూడాలని ఉంది.

నాంపల్లి_వకీలు
క్రిమినల్ కేసుతో పోల్చకండి. ఇది సెక్షన్ 241, 242 (వాటాదార్ల అణచివేత, దుర్నిర్వహణ) పిటిషన్, ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వగలదు. ఆ స్థలం చేతులు మారకుండా స్టే అడగండి, అదే మొదటి పని. చివర్లో ఒకరి షేర్లు ఇంకొకరు కొనేట్టు ఆదేశించే అధికారమూ ఉంది. పెద్దాయన గారు కోరే రాజీ చాలాసార్లు అక్కడే కుదురుతుంది, ఇండిపెండెంట్ వాల్యూయర్ లెక్కతో.

తిరుపతి_వెంకట్
అసలు ప్రశ్న దొంగ మినిట్స్ గురించి. వెంటనే ఫోర్జరీ కేసు పెట్టేయండి శ్రీను గారూ. సెక్షన్ 449లో అబద్ధపు సాక్ష్యానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు ఉంది. ఒక్క రాత్రి లోపల కూర్చుంటే స్థలం తనంతట తానే వెనక్కి వస్తుంది.

సీఏ_రాజమండ్రి
వెంకట్ గారూ, ఆ తొందర వద్దు. ముందు రికార్డు చేతికి రావాలి.

మినిట్స్ మీద సంతకం పెట్టేది ఛైర్మన్, డైరెక్టర్లందరూ కాదు. డైరెక్టరు సంతకం ఉండాల్సింది హాజరు రిజిస్టర్‌లో. శ్రీను గారూ, వాళ్లు హాజరు రిజిస్టర్ జత చేశారా? ఏడు రోజుల ముందు నోటీసు ఇచ్చినట్టు రుజువు ఉందా? సెక్రటేరియల్ స్టాండర్డ్ (బోర్డు మీటింగ్‌లు నడపాల్సిన పద్ధతి చెప్పే నియమావళి) ప్రకారం మీటింగ్ అయిన 15 రోజుల్లో డ్రాఫ్ట్ మినిట్స్ డైరెక్టర్లందరికీ పంపాలి, 30 రోజుల్లో పుస్తకంలో ఎక్కించాలి. మీ మెయిల్‌లో ఏదైనా ఉందా? వీడియోలో హాజరయ్యాడని మాట మారిస్తే, వీడియో మీటింగ్‌కు రికార్డింగ్ ఉంచాలని రూల్ ఉంది, తెమ్మనండి.

కొరిటెపాడు_శ్రీను
హాజరు రిజిస్టర్ జత చేయలేదు. మినిట్స్ రెండు పేజీలు, జిరాక్స్. మెయిల్ ఏమీ రాలేదు. ఇంకోటి గమనించాను. పేజీ నంబర్లు చేత్తో వేసి ఉన్నాయి, 41, 42 అని. పిటిషన్‌కు ముందు మేం అడిగినప్పుడు వాళ్లే ఇచ్చిన ఇంకో మీటింగ్ మినిట్స్ నా దగ్గర ఉన్నాయి. తేదీ ప్రకారం అది తర్వాతి మీటింగ్, పేజీ నంబరు మాత్రం 41. ఆ రోజు పుణె ఆఫీసులో నా స్వైప్ రికార్డు ఉంది, మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఫోన్‌పే చేసింది కూడా.

గోదావరి_గట్టు
రెండు 41లా! ఇంకేం కావాలి శ్రీను గారూ.

నాంపల్లి_వకీలు
చాలా బలమైన అంశం. పద్ధతిగా పోండి. రిజాయిండర్ (వాళ్ల కౌంటర్‌కు మీ జవాబు)లో ఆ మీటింగ్‌ను స్పష్టంగా కాదనండి. రెండు పేజీ 41లను పక్కపక్కన పెట్టండి. ఒరిజినల్ మినిట్స్ బుక్కు, హాజరు రిజిస్టర్, నోటీసు పంపిన రుజువు దాఖలు చేయమని వేరే అప్లికేషన్ వేయండి. మినిట్స్ సరిగా రాసి ఉంటే నిజమని చట్టం అనుకుంటుంది, కానీ తప్పని రుజువయ్యేవరకే. మినిట్స్ దిద్దితే రెండేళ్ల వరకు జైలు ఉంది, సెక్షన్ 118లో. ఒరిజినల్ వచ్చాక, లేదా తేలేక తప్పించుకున్నాక, అబద్ధపు సాక్ష్యం మీద చర్య కోరండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 340, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో ఇప్పుడు 379. వెంకట్ గారు చెప్పిన 449 అప్పుడు పనికొస్తుంది. ముందే పోలీస్ స్టేషన్‌కు పోతే ఒరిజినల్ పుస్తకం ఏ వరదలోనో కొట్టుకుపోతుంది.

ఒక ప్రమాదం గుర్తుంచుకోండి. "నేను ఏ మీటింగ్‌కూ రాలేదు" అని ఊపులో రాసేయకండి. పన్నెండు నెలల పాటు జరిగిన బోర్డు మీటింగ్‌లు వేటికీ రాకపోతే సెక్షన్ 167 కింద డైరెక్టరు పదవి ఖాళీ అయినట్టే. అటువైపు లాయరు దాన్నే పట్టుకుంటాడు. "నాకు నోటీసే ఇవ్వలేదు, ఇవ్వని మీటింగ్‌కు గైర్హాజరు ఎలా అవుతాను" అన్నది మీ మాట కావాలి.

కొరిటెపాడు_శ్రీను
ఇది ఎవరూ చెప్పలేదు. మా డ్రాఫ్ట్‌లో సరిగ్గా ఆ వాక్యమే ఉంది, ఇప్పుడే లాయరుకు ఫోన్ చేస్తున్నాను.

తిరుపతి_వెంకట్
ఇంత తలనొప్పి కంటే రాజీనామా ఇచ్చేసి షేర్‌హోల్డరుగా పోట్లాడొచ్చు కదా?

సీఏ_రాజమండ్రి
వద్దు. డైరెక్టరుగా ఉన్నంతకాలం ఆఫీసు వేళల్లో రిజిస్టర్డ్ ఆఫీసుకు వెళ్లి లెక్కల పుస్తకాలు చూసే హక్కు ఉంది, సెక్షన్ 128. మామూలు షేర్‌హోల్డరుకు ఆ హక్కు లేదు. రాజీనామా చేస్తే పాత బాధ్యత పోదు, పుస్తకాలు చూసే దారి మాత్రం మూసుకుపోతుంది. ఫలానా తేదీన లెక్కలు చూడటానికి వస్తున్నానని స్పీడ్ పోస్టులో, మెయిల్‌లో రాయండి. వెళ్లండి. చూపించకపోతే చూపించలేదని ఆ రోజే మళ్లీ మెయిల్ పెట్టండి.

కంపెనీ దాఖలు చేసినవి ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి ఎవరైనా చూడొచ్చు. ఆ ఏడాది ఏఓసీ-4 (వార్షిక లెక్కల ఫారం), దానికి జత చేసిన డైరెక్టర్ల నివేదిక, ఏఓసీ-2 తీయండి. రిలేటెడ్ పార్టీ లావాదేవీలు రాయాల్సింది ఏఓసీ-2లో.

పెద్దాయన_తెనాలి
మీరంతా చెప్పేది చదివాను. ఆ పేజీ నంబర్ల సంగతి నిజమైతే నేనింక మీ బాబాయి తరఫున మాట్లాడను శ్రీనూ. స్థలం తక్కువకు ఇవ్వడం వేరు, నువ్వు లేని చోట నిన్ను కూర్చోబెట్టడం వేరు. అయినా మీ పిన్నితో ఒకసారి మాట్లాడి చూడు. కోర్టు వాయిదాల మధ్య కూడా రాజీ కుదురుతుంది.

కొరిటెపాడు_శ్రీను
పిన్ని నిన్ననే ఫోన్ చేసింది పెద్దాయన గారూ. ఏడ్చింది, నేనూ ఏడ్చాను. స్థలం కంపెనీకి తిరిగొస్తే పిటిషన్ వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ఆమె చేతిలో ఏమీ లేదు.

సీఏ గారూ, వంద కట్టి తీశాను. ఆ సంవత్సరం ఏఓసీ-2లో రిలేటెడ్ పార్టీ లావాదేవీలు "లేవు" అని ఉంది. కింద బాబాయి సంతకం. మరి కౌంటర్‌లో ఏమో బంధుపక్షానికి అమ్ముతున్నామని బోర్డు అంతా చర్చించి ఒప్పుకున్నట్టు మినిట్స్ పెట్టారు.

నాంపల్లి_వకీలు
రెండింట్లో ఒకటే నిజం కావాలి. ఆ తీర్మానం నిజంగా జరిగి ఉంటే ప్రభుత్వానికి ఇచ్చిన రిటర్న్ అబద్ధం, సెక్షన్ 448. రిటర్న్ నిజమైతే కోర్టుకిచ్చిన మినిట్స్ అబద్ధం. ఏది ఎంచుకుంటారో ప్రమాణ పత్రంలో వాళ్లనే చెప్పమనండి.

లా_స్టూడెంట్_వైజాగ్
వాయిదా తర్వాత ఇక్కడ అప్‌డేట్ ఇవ్వండి సార్, ప్లీజ్.

సీఏ_రాజమండ్రి
శ్రీను గారూ, పోర్టల్ నుంచి దించుకున్న కాపీ చాలదు. అదే ఏఓసీ-2కు రిజిస్ట్రార్ సర్టిఫైడ్ కాపీకి ఈరోజే అప్లై చేయండి, రిజాయిండర్ వేసేలోపు చేతికి రావాలి. స్థలం సేల్ డీడ్ సర్టిఫైడ్ కాపీ కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. కంపెనీ తరఫున సంతకం చేసింది ఎవరో, ఏ తేదీ తీర్మానం చూపించి చేశారో అందులో ఉంటుంది.

కొరిటెపాడు_శ్రీను
శనివారం గుంటూరు వస్తున్నాను. డీడ్‌కు మా మేనమామ రేపే అప్లికేషన్ పెడతానన్నారు. డీడ్‌లో రాసిన తీర్మానం తేదీ, మినిట్స్ తేదీ ఒకటో కాదో చూసి ఇక్కడే రాస్తాను.